కొండకు వచ్చే పుష్కరం

పన్నెండేండ్లకు ఒకసారి నదికి పుష్కరం వస్తుందని మన పాఠకులకు ఒకరు చెప్పనక్కరలేదు. గోదావరికి 2003లోను 2015లోను వచ్చినది. కృష్ణకు 2004లోను 2016లోను వచ్చినది. తరతరాలుగా అరవనాట స్థిరపడినవారికి దగ్గరలోనే కావేరి పుష్కరం 2017లోను, తామ్రపర్ణి పుష్కరం 2018లోను జరిగినవి. పెద్దవారిని చూచి "ఎన్ని పుష్కరాలు ఎరుగుదురు?" అని అడగడం మన ఇండ్లలో నేటికీ ఉన్న మాట. కాని ఈ పన్నెండేండ్ల లెక్క నదులకే గాక కొండలకు కూడ ఒకటి ఉన్నది. నదికి బృహస్పతి లెక్క చెప్పినట్లు, కొండకు ఒక చిన్న మొక్క లెక్క చెప్పుతుంది. దాని పేరు కురింజి. మలయాళులు నీలకురింజి అంటారు.

పడమటి కనుమలలో సముద్రమట్టానికి సుమారు 1300 మీటర్లు మొదలుకొని 2400 మీటర్ల వరకు ఎత్తుగల గడ్డికొండల మీద ఇది పెరుగుతుంది. నీలగిరులు, పళని కొండలు, ఆనమలై, మున్నారు కొండలు దీనికి పుట్టినిండ్లు. పెక్కు సంవత్సరాలు ఆకులతోనే ఊరకుండి, పన్నెండవ ఏట కొండ కొండంతా ఒక్కసారిగా పూసి, గింజ రాల్చి, ఎండిపోతుంది. 2018లో పూసినది. మళ్ళీ 2030లో పూయవలసి ఉన్నది. మేము 2018లో కుటుంబసమేతంగా వెళ్ళి చూచిన విశేషాలను, తరువాత అడిగి చదివి తెలుసుకొన్న సంగతులను, ఆ సంవత్సరం రాకముందే మనవారికి తెలియజేయడం మంచిదని తోచి ఇది వ్రాయుచున్నాము.

మా ప్రయాణానికి కారణం ఒక పుట్టిన తేదీ. మా అవ్వ, అనగా మా అమ్మకు అమ్మ, ఉడుమలపేటకు దక్షిణాన కొండల అడుగున ఉన్న పల్లెలో పుట్టినది. పింఛను దరఖాస్తులో వయస్సు వ్రాయవలసి వచ్చినపుడు "ఏ సంవత్సరం పుట్టినావు అవ్వా?" అని అడిగితే, "కొండ పూసిన ఏడు" అని చెప్పినది. ఒక కార్యాలయంలో ఆ మాట విని నవ్వి, ముఖం చూచి అందాజుగా ఒక సంవత్సరం వేసినారు. దానితో ఆమెకు ఆరేండ్లు తగ్గినవి. కాగితాల మధ్య బ్రతికే మావంటివారికి అంకె తప్పితే నిద్ర పట్టదు. కురింజి పూసిన సంవత్సరాల పట్టీ పుస్తకాలలో ఉన్నది. 1838 నుండి వరుసగా గుర్తించి వ్రాసిపెట్టినారు. 1838, 1850, 1862, 1874, 1886, 1898, 1910, 1922, 1934. అవ్వ ఈ ఆఖరి దానికి చెందినదని మేము అనుకొన్నాము.

అనుకొన్నంత మాత్రాన సరిపోదు గనుక సరిచూచినాము. అవ్వ పెండ్లి "మళ్ళీ కొండ పూసిన రెండేండ్లకు" జరిగినది. అంటే 1946కు రెండు కలిపి 1948. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. మా అమ్మ "ఆ పైన కొండ పూయడానికి మూడేండ్ల ముందు" పుట్టినది. అంటే 1955. అమరావతి ఆనకట్ట పూర్తి అయిన ఏడు రెండేండ్ల బిడ్డను చంకన వేసుకొని చూడబోయినట్లు అవ్వకు బాగా జ్ఞాపకం. ఆ ఆనకట్ట 1957లో పూర్తి అయినది. లెక్క అణా పైసలతో సహా కుదిరినది. అక్షరం రాని మా అవ్వ లెక్కలో ఒక్క ఏడు కూడ తప్పలేదు.

అయితే ఒక వింత ఉన్నది. తన బ్రతుకంతా ఆ పువ్వుతో కొలుచుకొన్న మా అవ్వ, ఆ పువ్వును ఒక్కసారైనా చూడలేదు. కొండ మీదివారు తేనె కుండలతో క్రిందికి వచ్చి "ఈ ఏడు కురింజి తేనె" అని అమ్మితే, ఆ మాటను బట్టి ఏడు గుర్తు పెట్టుకొనేవారట. 1958లో చేతిలో బిడ్డ, 1970లో ముసలి అత్తగారు, 1982లో బిడ్డ పెండ్లి, 1994లో మనుమల చదువులు, 2006లో మంచం పట్టిన తాత. ప్రతి పన్నెండేండ్లకు ఒక అడ్డు. మన ఇండ్లలో ఆడవారికి తీర్థయాత్రలు ఎందుకు ఆగిపోతవో దానికీ అదే కథ. 2018 వచ్చేనాటికి ఆమెకు ఎనుబదినాలుగు నిండినవి. "ఈసారి నన్ను తీసుకొని పొండి. ఆపైన పూసేది మీరు చూచుకొందురు గాని" అన్నది.

ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో కేరళను వరదలు ముంచెత్తిన సంగతి అందరికీ తెలిసినదే. మున్నారు వైపు కొండచరియలు విరిగిపడి దారులు తెగిపోయినవి. ఇండ్లు, ప్రాణాలు పోయిన చోట పువ్వుల మాట ఎత్తడం బాగుండదని మేము ఊరకున్నాము. అవ్వ కూడ ఏమీ అనలేదు. ప్రతిదినం పత్రికలోని బొమ్మలు మాత్రం చూపించమనేది. సెప్టెంబరులో ఎండ కాసినది. దారులు బాగుచేసినారని, ఆలస్యంగానైనా రాజమల వాలుమీద కురింజి పూయుచున్నదని తెలిసినది. సెప్టెంబరు 30వ తేదీ ఆదివారానికి ప్రయాణం నిశ్చయించుకొన్నాము.

శనివారం రాత్రికే కోయంబత్తూరు నుండి ఉడుమలపేట చేరి మామగారి ఇంట పడుకొన్నాము. తెల్లవారుజామున వ్యాను ఎక్కినాము. పెద్దలు ఆరుగురం, పిల్లలు ముగ్గురు. చింతపండు పులిహోర, పెరుగన్నం మూటలు, అవ్వకు ఒక శాలువ, ఒక చేతికర్ర. అడవిలోని దారి గనుక రాత్రివేళ బండ్లను పోనివ్వరు. చిన్నారు చెక్‌పోస్టు దగ్గర తమిళనాడు ముగిసి కేరళ మొదలవుతుంది. అక్కడివరకు అంతా ముండ్లపొదలు, ఎండిన చెట్లు. ఏనుగులు దాటే దారి గనుక ఎక్కడా దిగవద్దని చెప్పినారు.

చిన్నారు దాటి ఎక్కితే మరయూరు. ఇది గంధపుచెట్లకు పేరుపడిన ఊరు. నాటి పెంచినవి గావు. తమంత తామే పెరిగిన చెట్లు. కంచె వేసి కాపలా పెట్టినారు. క్రింద చెరకు తోటలు, బెల్లం వండే కొట్టాలు ఉన్నవి. మరయూరు బెల్లం ఉండలు కొని పిల్లలకు పెట్టినాము. పడమటి వైపు వాన ముంచెత్తుతూ ఉంటే ఈ మరయూరులో ఎండ. వానమేఘాన్ని ఎత్తైన కొండ అడ్డగించుట చేత ఇట్లు జరుగుతుంది. మరయూరు దాటిన తరువాత తేయాకు తోటలు మొదలైనవి. కనుచూపు మేర దువ్వినట్లుగా పచ్చదనం. ఈ పచ్చదనం అడుగున ఏమున్నదో కొంతసేపటికి తెలిసినది. దానిని తరువాత చెప్పెదము.

ఎరవికుళం జాతీయవనం ద్వారం మున్నారు ఊరు చేరకముందే, ఈ దారి మీదనే ఉన్నది. ఆ వనం వైశాల్యం 97 చదరపు కిలోమీటర్లు. అందులో రాజమల అనే భాగంలోనికి మాత్రమే మనవంటివారిని పోనిచ్చెదరు. సొంత బండ్లు పనికిరావు. టిక్కెట్టు తీసుకొని అడవిశాఖవారి బస్సులోనే ఎక్కవలెను. బస్సు మలుపులు తిరుగుతూ పైకి పోయి ఒక చోట దించుతుంది. అక్కడ నుండి చదునైన రోడ్డు మీద నడక. ఎడమన బండరాతి గోడవలె నిలిచిన కొండ, కుడిన లోయ. పైన మబ్బులో తల దాచుకొన్నది ఆనముడి శిఖరం. 2695 మీటర్ల ఎత్తుతో దక్షిణదేశంలో అన్నిటికన్న ఉన్నతమైన శిఖరం అది.

బస్సు దిగి నూరడుగులు నడిచేసరికి అవ్వ ఆగిపోయినది. ఆయాసమేమోనని మేము భయపడినాము. ఆయాసం గాదు. రోడ్డు ప్రక్కన మోకాలెత్తున పొదలు, పొద నిండా ఊదా కలిసిన నీలి పువ్వులు. "ఇంత చిన్నదా!" అన్నది. మరికొంత సేపటికి మబ్బు విడినది. అప్పుడు ఎదుటి వాలంతా కనబడినది. ఒక్కొక్క పువ్వు బొటనవ్రేలి కొనంత గంట ఆకారం. అటువంటివి లెక్కలేనన్ని చేరి, కొండకు నీలిచీర ఆరవేసినట్లున్నది. వరదల వలన ఆ ఏడు పూత పలుచగా వచ్చినదని చెప్పినారు. పలుచనిదే ఇట్లుంటే నిండుగా పూసినపుడు ఎట్లుండునో ఊహించుకొనవలసినదే. పిల్లలు కేకలు వేసినారు. అవ్వ మాట్లాడలేదు. వంగి ఒక గుత్తిని ముక్కుకు దగ్గరగా తీసుకొని, "వాసన లేదే" అన్నది. నిజమే, కురింజికి మనకు తెలిసే పరిమళం లేదు. తేనెటీగలకు మాత్రం పండుగే. చెవి పెట్టి వింటే పొదలన్నీ ఝుమ్మని మ్రోగుచున్నవి.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు స్ట్రోబిలాంథిస్ కుంతియానా. పేరు నోరు తిరగకపోయినా, దీని బంధువులు మనకు పరాయివి గావు. మన ఆడవారు జడలో తురుముకొనే కనకాంబరం ఈ కుటుంబానిదే. దగ్గుకు కషాయం కాచే అడ్డసరం, జ్వరానికి వాడే నేలవేము, పెరటి కంచెలోని ముళ్ళగోరింట, ఇవన్నీ కురింజికి అక్కచెల్లెండ్రే. ఎండిన కనకాంబరం కాయ మీద నీటిచుక్క వేస్తే టప్పున పగిలి గింజ దూరంగా ఎగురుట మనం చిన్ననాడు ఆడుకొన్న ఆటే. కురింజి కాయ కూడ అట్లే పగిలి గింజలను చిమ్ముతుంది.

అంతవరకు అవ్వ మనస్సులో ఉన్న కోరిక బయటపడినది. కురింజి సుబ్రహ్మణ్యస్వామికి ఇష్టమైన పువ్వు. కురింజి మాల ధరించి వల్లీదేవిని పెండ్లాడినాడని చెప్పుకొంటారు. సంగకాలపు తమిళకవులు నేలను అయిదు రకాలుగా విభజించి, కొండసీమకు ఈ పువ్వు పేరే పెట్టినారు. ఆ సీమకు దైవం మురుగనే. కోడైకెనాలులో 1936లో కట్టిన కురింజి ఆండవర్ గుడి కూడ ఉన్నది. కనుక ఒక రెమ్మ తీసుకొనిపోయి, మరునాడు పళని కొండమీద స్వామి పాదాల వద్ద పెట్టవలెనని అవ్వ ఆశ. ఎనుబదినాలుగేండ్ల ఆశ గనుక మాలో ఎవ్వరికీ కాదనడానికి నోరు రాలేదు.

అక్కడ కాపలా ఉన్న గార్డు చూచినాడు. ఆ కొండలలోనే పుట్టి పెరిగిన ముదువన్ జాతి యువకుడు. గద్దించలేదు. "పాట్టీ, అది కోయరాదు" అని అరవంలో మెల్లగా అన్నాడు. ఎందుకని అవ్వ అడిగినది. "దీనికి రెండవ కాపు లేదు పాట్టీ. ఒక్కసారి పూసి, గింజ వేసి, చచ్చిపోతుంది. ఇప్పుడు కోస్తే ఆ చోట వచ్చే పన్నెండేండ్లకు మొక్క ఉండదు" అని చెప్పినాడు. అవ్వ చెయ్యి వెనుకకు తీసుకొన్నది. మా వైపు తిరిగి తెలుగులో, "విత్తనానికి విడిచిన కంకిని ఎవరైనా కోస్తారా! నాకు తెలియక అడిగితిని" అన్నది. కొండకే నమస్కారం చేసి, "స్వామీ, ఇక్కడే పెట్టినాను, ఇక్కడే తీసుకో" అన్నది. ఆమె సేద్యగాడి ఇంటి బిడ్డ. ఒక్క మాటకే అర్థం చేసుకొన్నది. మాకు మాత్రం దాని శాస్త్రం తెలుసుకొనడానికి ఇంటికి వచ్చి నాలుగు పుస్తకాలు తిరుగవేయవలసి వచ్చినది.

పుస్తకాలలో తెలిసినదేమనగా, అరటి, వెదురు కూడ ఇట్టివే. ఒక్క మారు ఫలించి ఆ ప్రాణం ముగించుకొంటవి. కొండంతటా ఒకే ఏడు పూయుటకు శాస్త్రజ్ఞులు చెప్పే కారణాలలో ఒకటి ఇది. ఏటేటా కొద్దికొద్దిగా గింజ వేస్తే పురుగులు, పక్షులు, ఎలుకలు అంతా తినివేస్తవి. పన్నెండేండ్లకు ఒకసారి అన్నీ కలిసి రాసులుగా రాలిస్తే, తినేవాటి కడుపులు నిండిన తరువాత కూడ కొన్ని గింజలు మిగులుతవి. మిగిలినవి వానలకు మొలకెత్తి గడ్డిలో గడ్డిగా పెరుగుతవి.

ఈ జాతి మొక్కలు మనదేశంలో పెక్కు రకాలున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు. మహారాష్ట్రలోని మన పాఠకులు సహ్యాద్రి వాలులమీద చూచే కార్వి ఈ జాతిదే. దాని గడువు ఎనిమిదేండ్లు. ముంబయి పరిసరాలలో 2008లోను, 2016లోను, 2024లోను పూసినది. దాని కాడలను దడిగా కట్టి మట్టిమెత్తి అక్కడి పల్లెలలో గోడలు కట్టుకొనేవారు. కర్ణాటకలో బాబాబుడన్ కొండల మీద కూడ కురింజి జాతులున్నవి. కనుక ఈ సంగతి మనలో ఏ ఒక్క రాష్ట్రంవారిదో గాదు.

రాజమలలో మరొక వింత, మనుష్యులను చూచి బెదరని వరయాడు. ఇది కొండమేక జాతి. తమిళనాడుకు రాష్ట్రజంతువు కూడ ఇదే. నిలువుబండ మీద మేకు కొట్టినట్లు నిలబడుతుంది. ప్రపంచంలో వరయాళ్ళు ఈ కనుమలలో తప్ప ఎక్కడా లేవు. అన్నిటికన్న పెద్ద మంద ఎరవికుళంలోనే ఉన్నది. ఒక తల్లి, పిల్ల మా ప్రక్కనే గడ్డి కొరుకుతూ పోయినవి. మా పిల్లలు పులిహోర మూట దాచుకొన్నారు. అవి అటు చూడనైనా లేదు.

ఇక ఆ గడ్డి సంగతి. పైకి చూస్తే బోడికొండ అనిపించును. కాని ఈ గడ్డి, లోయల ఇరుకులలో పొట్టిగా దట్టంగా పెరిగే షోలా అడవి, ఇవి రెండూ కలిసి వానను స్పంజివలె పీల్చి, ఎండకాలమంతా బొట్టుబొట్టుగా విడుస్తవి. ఎరవికుళం తూర్పువాలు నీరు లక్కం జలపాతం వంటి ఏరులుగా దిగి పాంబారులో కలుస్తుంది. కేరళలో తూర్పుగా ప్రవహించే నదులు మూడే: కబిని, భవాని, పాంబారు. పాంబారు క్రిందికి వచ్చి అమరావతి అవుతుంది. ఉడుమలపేట, ధారాపురం, కరూరు సీమల చేలను తడిపి కావేరిలో పడుతుంది. ఈ మాట చెప్పగానే మా మామ, "అయితే మన బావిలో ఊట ఈ గడ్డిదేనన్నమాట" అన్నాడు. ఉడుమలపేట చుట్టుప్రక్కల తరతరాలుగా సేద్యం చేసే తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నవో మనకు తెలుసును. ఆ కురింజి పూసే వాలుకు, వారి ఇంటి గాదెకు ఇంత దగ్గర చుట్టరికం ఉన్నది.

తేయాకు అడుగున ఏమున్నదో తరువాత చెప్పెదమన్నాము. అక్కడ ఉండినది ఈ గడ్డే. నూరేండ్లకు పైబడి ఈ కొండలలో గడ్డినేల తోటలైనది. తోటలు కాని చోట యూకలిప్టస్, ఆస్ట్రేలియా నుండి తెచ్చిన వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు, పైను నాటినారు. చెట్లు నాటుట పుణ్యమని మనం చిన్ననాటి నుండి చదువుకొన్నాము. కాని గడ్డి ఉండవలసిన చోట చెట్టు నాటితే కురింజికి ఎండ తగలదు. వరయాడుకు మేత ఉండదు. ఇట్టి పుణ్యం కూడ చోటెరిగి చేయవలసినదని అక్కడికి వెళ్ళిన తరువాతనే మాకు బోధపడినది.

ఎరవికుళం మిగిలిన కథ కూడ విచిత్రమే. తోటల కంపెనీ దొరలు వేటకోసం ఆ గడ్డికొండను తోట చేయకుండా విడిచిపెట్టినారు. 1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి కంపెనీవద్దనున్న భూములను స్వాధీనం చేసుకొన్నది. 1975లో ఎరవికుళాన్ని అభయారణ్యంగాను, 1978లో జాతీయవనంగాను ప్రకటించినారు. కోడైకెనాలు నుండి మున్నారు వరకు కాలినడకన పోయి కురింజిని కాపాడవలెనని ప్రచారం చేసినవారు 1989 నుండి ఉన్నారు. ఆ పట్టుదల ఫలితంగా 2006లో పూసిన ఏడు, వట్టవడ, కొట్టకాంబూరు గ్రామాల మీది కొండలలో 32 చదరపు కిలోమీటర్లను కురింజిమల అభయారణ్యమని ప్రకటించినారు. ఒక పువ్వుకోసం అభయారణ్యం ఏర్పడుట మనదేశంలో అరుదైన విషయం. ఆ ఏడే తపాలాశాఖవారు కురింజి బొమ్మతో స్టాంపు కూడ వేసినారు.

అయితే ప్రకటన వేరు, హద్దురాయి వేరు. ఇది మావంటి గుమాస్తాలకు బాగా తెలిసిన సంగతి. ఆ హద్దుల లోపల వెల్లుల్లి, బంగాళాదుంప పండించుకొని బ్రతికే కుటుంబాలున్నవి. కొందరివద్ద పాత పట్టాలున్నవి, కొందరివి దొంగ పట్టాలన్న వివాదమున్నది. ఎవరి నేల ఎవరిదో తేల్చే పని ఏండ్ల తరబడి నడిచినది. పువ్వు కావలెను అనుట సులభం. నేల పోవునేమోనని భయపడే రైతు ముఖం చూచి కూడ ఆ మాట అనగలిగితేనే అది న్యాయం. నిజమైన రైతుకు నేల నిలబెట్టి, దొంగపట్టా నేలను గడ్డికి విడిచిపెట్టినప్పుడే ఇద్దరికీ మేలు. ఈ నడుమ పళత్తోటం అనే చోట వాటిల్ చెట్లు పోయిన నేలలో గడ్డి నాటించి, బోడినేలను మళ్ళీ గడ్డికొండ చేసినారు. ఇది సాధ్యమేనని దానివలన తెలిసినది.

చట్టం కూడ ఇప్పుడు గట్టిపడినది. 2023లో కురింజిని వన్యప్రాణి రక్షణ చట్టంలోని మొక్కల పట్టీలో చేర్చినారు. 2024లో అంతర్జాతీయ సంస్థవారు ముప్పులో ఉన్న మొక్కలలో ఒకటిగా దీనిని లెక్కించినారు. పడమటి కనుమలలో ముప్పదిమూడు చోట్ల, తూర్పు కనుమలలో సేలం దగ్గరి ఏర్కాడు కొండల మీద ఒక్క చోట, మొత్తం ముప్పదినాలుగు గుంపులే మిగిలినవని ఆ లెక్క.

మా అవ్వ ఆ తరువాత మూడేండ్లు బ్రతికి, 2021లో కాలం చేసినది. ఆమె మరణపత్రంలో పుట్టిన సంవత్సరం 1934 అని సరిగా వ్రాయించినాము. చుట్టాలలో ఎవరైనా "ఎన్నేండ్లు?" అని అడిగినపుడు, మా చిన్నవాడు "ఏడు కురింజిలు నిండినవి, ఇంకొక మూడేండ్లు" అని చెప్పినాడు. పెద్దవారు నవ్వినారు గాని లెక్క సరియే.

ఇక 2030 మాట. ఆ ఏడు జూలై ఆగస్టుల నుండి అక్టోబరు లోపల పూత రావలెను. వానను బట్టి వారం పది దినాలు అటు ఇటు అగును. చూడదలచినవారు ఆదివారం గాక పనిదినాన వెళ్ళితే ముసలివారికి సుఖం. కొండమీద చలి, కనుక శాలువ తప్పక ఉండవలెను. రాజమలలో దినానికి ఇంతమందికే అనుమతి అని కట్టడి పెట్టెదరు గనుక ముందుగా టిక్కెట్టు సంపాదించుకొనవలెను. నీలగిరులకు, కోడైకెనాలుకు దగ్గర ఉన్నవారు అక్కడనే చూడవచ్చును. కాగితం, ప్లాస్టిక్ సంచి కొండమీద విడువరాదు. పువ్వు కోయరాదు. పొదల మధ్యకు దిగి ఫోటోలకోసం త్రొక్కరాదు. త్రొక్కిన అడుగు క్రింద పోయేది ఒక్క పువ్వు గాదు, దాని తరువాతి పన్నెండేండ్లు.

2018లో రాలిన గింజలు ఈపాటికి గడ్డిలో మొక్కలై ఉన్నవి. ఇప్పుడు రాజమలకు పోయినవారికి అవి కనుపించినా, ఇదేమి మొక్క అని ఎవరూ ఆగి చూడరు. ఆకులు గరుకుగా, అంచులు రంపపు పళ్ళవలె ఉండును. పూయని ఏండ్లలోనే వాటికి నిప్పు, గొడ్డలి, గొర్రు వీటివలన భయమెక్కువ. పూసిన ఏడు చూడడానికి లక్షలమంది పోయెదరు. పూయని ఏడు కూడ అవి బ్రతికి ఉన్నవని తలచుకొనేవారు కొందరైనా ఉండవలెను. మన పాఠకులలో పిల్లలు గల ప్రతి ఇంటా, క్యాలెండరు అట్ట మీద 2030 అని ఒక గుర్తు వేసి పెట్టుకొందురు గాక.